స్వయంసహాయము: ఒకే పేరుగల రెండు పుస్తకములు

కష్టములు మనుష్యునకు మేలు చేయునను మాట మన యిండ్లలో మిక్కిలి వాడుకలో నున్నది. దుకాణము పెట్టి నష్టపడిన యువకునకును, భర్తను గోల్పోయి బిడ్డలను సాకుటకై యేదో యొక వ్యాపారము మొదలిడిన స్త్రీకిని మనము మొట్టమొదట చెప్పునది యీ మాటయే. కొలిమిలో కాగిన బంగారమునకే వన్నె వచ్చునని యొక యుపమానమును గూడ జోడింతుము. ఇట్లు చెప్పుటవలన చెప్పినవారికి ఖర్చు లేదు. వినుటవలన విన్నవారి కడుపు నిండదు. అయినను ఈ మాట యెంతవఱకు నిజమో యెంతవఱకు కాదో విచారించినవారు అరుదు. అట్టి విచారణకు దోడ్పడు రెండు ఇంగ్లీషు పుస్తకములను గూర్చి మా చదువరులతో ముచ్చటింపదలచితిమి. రెండును ఇంచుమించుగా నొక్క కాలముననే వెలువడినవి. రెంటి పేరును స్వయంసహాయమే. మొదటిది లోకమంతటను వ్యాపించినది. రెండవదానిని చదివినవారు మనలో కొలదిమంది.

మొదటిది 1859వ సంవత్సరమున శామ్యూల్ స్మైల్సు ప్రకటించిన 'సెల్ఫ్ హెల్ప్'. రెండవది అంతకు ముందటి సంవత్సరమున జార్జి జేకబ్ హోలియోకు ప్రకటించిన 'సెల్ఫ్ హెల్ప్ బై ది పీపుల్', అనగా ప్రజలు తమకు దామే చేసికొనిన సహాయము. ఇది ఇంగ్లండునందలి రాచ్‌డేలు పట్టణపు నేతగాండ్రు స్థాపించిన సహకార దుకాణముయొక్క చరిత్రము. స్మైల్సు పుస్తకము మొదటి యేటనే ఇరువది వేల ప్రతులు చెల్లినది. 1871లో జపాను భాషలోనికి పరివర్తనము పొంది యచ్చటి యువకులకు నిత్యపాఠ్యమైనది. నేటికిని మన పుస్తకాల దుకాణములలో వ్యాపారవిజయములను బోధించు గ్రంథములలో ననేకములు తెలిసియో తెలియకయో దాని సంతానమే. కనుక మూలపురుషుని గుణదోషములను దెలిసికొన్నచో వంశమును గూర్చి ప్రత్యేకముగా జెప్పవలసిన పని యుండదు.

ముందుగా గుణములను జెప్పుట న్యాయము. పుట్టుకచేత గొప్పవారు గాని వారిని స్మైల్సు గౌరవించెను. కుమ్మరులు, నేతగాండ్రు, క్షురకులు, గనులలో బనిచేసినవారు ఆయన పుటలలో రాజులకంటె నెక్కువ స్థలము నాక్రమించిరి. చేతిపని నీచమని తలంచు మనవంటి దేశమునకు ఈ యొక్క గుణమే చాలినంత మేలు చేయగలదు. ఆయన శైలి సరళము, ఉదాహరణములు సజీవములు, సోమరితనమును మన్నింపడు. ఈ పుస్తకమును చదివి, మంచము దిగి, పనికి బోయినవారు వేలకొలది యుందురనుటలో సందేహము లేదు.

ఇక దోషము. ఈ పుస్తకములో 'గొప్ప కుమ్మరులు' అను ప్రకరణ మొకటి కలదు. అందు పదునాఱవ శతాబ్దపు ఫ్రెంచివాడగు బెర్నార్డు పాలిసీ కథ యున్నది. మట్టిపాత్రలమీద తెల్లని మెఱుగుపూత నిలుపు రహస్యమును గనుగొనవలెనని ఆయన పెక్కేండ్లు శ్రమపడెను. ఒకమాఱు ఆవము కాలుచుండగా కట్టె లైపోయెను. ఆయన యింటిలోని బల్లలను, అలమారుల చెక్కలను విఱుగగొట్టి మంటలో వేసెను. భార్యాబిడ్డలు హడలిపోయి యితనికి మతి చలించినదని వీధిలో నఱచిరి. స్మైల్సు దీనిని పట్టుదలకు బరమోదాహరణముగా జూపుచున్నాడు. భార్యచేసిన నిష్ఠూరములు ఈ కథలో వీరుని మార్గమునకు అడ్డువచ్చిన కష్టములలో నొకటిగా లెక్కకు వచ్చుచున్నవి.

మా చదువరులలోని గృహిణులు ఈ ఘట్టమును మఱియొకమాఱు చదువవలెను. బల్ల ఎవరిది? ఆ యింటిలో నాడు రాత్రి బిడ్డలకు అన్నము వండవలసినది ఎవరు? కష్టము పాలిసీ యొక్కనికే వచ్చినదా? ఆయన కష్టమునకు కీర్తి యనెడి వడ్డీ ముట్టినది; ఆమె కష్టమునకు సాధ్వి కాదను నింద మాత్రము మిగిలినది. ఆ పరిశోధనదినములలోనే ఆయన కూలికి బెట్టుకొనిన పనివానికి ఒక పూటకూటింటివాడు ఆఱు నెలలు అరువుమీద నన్నము పెట్టెను. ఆ పూటకూటింటివాని పేరేమో మన కెవ్వరును నేర్పలేదు. కాని అతడు ఆఱవ నెలదాక నోపికపట్టనిచో పాలిసీ పట్టుదల యేమి కావలసినది? పట్టుదల గొప్పదే. కాని పట్టుదలకును అన్నము కావలెను.

ఆ ప్రకరణమందే ఇంగ్లండుదేశపు కుమ్మరియగు జోసయా వెడ్జివుడు చరిత్రమును గలదు. బాల్యమున మసూచికము సోకి ఆయన కుడిమోకాలు చెడెను. 1768లో ఆ కాలు తీసివేయవలసివచ్చెను. రాజనీతిజ్ఞుడగు గ్లాడ్‌స్టను ఈ వ్యాధియే వెడ్జివుడు మనస్సును లోపలికి మఱల్చి, ఆయనను తన విద్యయొక్క రహస్యములను గూర్చి యాలోచింపజేసి, ఆయన ప్రతిభకు గారణమై యుండవచ్చునని యొక యుపన్యాసమున బలికెను. స్మైల్సు దానిని సంతోషముతో గ్రహించెను. కష్టమే గురువను సిద్ధాంతమునకు ఇంతకంటె జక్కని నిదర్శనము దొఱకదు. అందువలననే దీనిని గొంచెము పరీక్షింపవలెను.

వెడ్జివుడు కుమ్మరుల వంశమున బుట్టినవాడు. తండ్రి 1739లో మరణించెను. పిమ్మట ఆయన అన్నగారియొద్దనే పని నేర్చుకొనెను. 1759లో స్వంతముగా బని మొదలిడినపుడు తన బంధువులకు సంబంధించిన స్థలమునే అద్దెకు బుచ్చుకొనెను. 1764లో వివాహమాడిన భార్య సారా ధనవంతుని కూతురు. ఆమె తెచ్చిన ధనము వ్యాపారమునకు ఊతమయ్యెను, ఆమె బుద్ధి ఆయన పరిశోధనలకు దోడయ్యెను. 1762లో లివర్‌పూలు పట్టణమునకు బోవుచుండగా మోకాలికి దెబ్బతగిలి వెడ్జివుడు అచ్చట కొంతకాలము మంచము పట్టెను. అప్పుడు చికిత్సచేసిన వైద్యుని మూలమున థామస్ బెంట్లీ యను వర్తకునితో పరిచయము కలిగెను. ఆ పరిచయము స్నేహమై, స్నేహము భాగస్వామ్యమై, 1780లో బెంట్లీ మరణించువఱకు నిలిచెను. ఎవరికి ఏ పాత్ర నచ్చునో, ఏ వీధిలో దుకాణము పెట్టవలెనో, గొప్పవారితో నెట్లు వ్యవహరింపవలెనో వెడ్జివుడునకు దెలిపినవాడు బెంట్లీ.

కాబట్టి ఆ మోకాలు వెడ్జివుడునకు మేలు చేయలేదని మేము చెప్పము. చేసినది. కాని యెట్లు చేసినది? నొప్పివలన గాదు, మంచముచెంతకు ఒక స్నేహితుని దెచ్చుటవలన. అదే మోకాలితో, అదే మసూచికముతో, అన్న గాని భార్య గాని బెంట్లీ గాని లేక ఆ యూరిలోనే కుంటివాడై చనిపోయిన కుమ్మరి కుఱ్ఱ లెందఱుండిరో! వారి చరిత్రములను స్మైల్సు వ్రాయలేదు, ఎవ్వరును వ్రాయరు. గెలిచినవారిని మాత్రమే చూచి కష్టము గెలిపించునని నిర్ణయించుట, ఒడ్డున జేరినవానిని మాత్రమే యడిగి ఏఱు లోతులేదని చెప్పుటవంటిది. స్మైల్సే 1894లో వెడ్జివుడు జీవితమును ప్రత్యేక గ్రంథముగా వ్రాసినపుడు బెంట్లీని గూర్చి విశేషముగా వ్రాసెను. కాని లోకము చదివినది మొదటి పుస్తకమును. అందలి చిత్రములో కాలినొప్పికి దక్కిన స్థానము స్నేహితునికి దక్కలేదు.

విచిత్రమేమనగా, స్మైల్సు పుస్తకము పుట్టుటయే పరస్పరసహాయమువలన. ఆయనే పీఠికలో ఈ సంగతిని దాచక చెప్పియున్నాడు. లీడ్సు పట్టణమున ఇద్దఱుముగ్గురు పేద యువకులు చలికాలపు సాయంకాలములందు ఒకచోట జేరి, తమకు దెలిసినదానిని ఒకరికొకరు నేర్పుకొన నారంభించిరి. ఒక కుటీరములోని చిన్నగది చాలకపోగా తోటలో గూడిరి; పిదప ఒకప్పుడు కలరారోగుల కుపయోగించిన పాడుగదిని అద్దెకు దీసికొనిరి. సంఖ్య నూఱువఱకు బెరిగెను. తమకు రెండు మంచిమాటలు చెప్పుమని 1845లో వారు స్మైల్సును బిలిచిరి. ఆ యుపన్యాసములే పెరిగి పుస్తకమైనవి. ఆయన స్వంత జీవితమును ఇట్టిదే. 1832లో తండ్రి కలరాచే మరణింపగా, పెక్కుమంది బిడ్డల భారము మోయుచు, చిన్న దుకాణము నడపి, కుమారుని వైద్యవిద్యకు ఆటంకము రాకుండ జూచినది తల్లి. తన పుస్తకము పేరు స్వార్థమును బొగడుచున్నట్లు కొందఱికి దోచినదని 1866 ప్రతి పీఠికలో ఆయనే విచారించి, తనకు దాను సహాయము చేసికొనుటలో పొరుగువానికి సహాయము చేయుట యిమిడియున్నదని వివరించెను. గ్రంథకర్త హృదయము మంచిదే. కాని పీఠికలో జెప్పిన సత్యము కథలలో గనబడనిచో చదువరికి మిగులునది కథయే.

ఇక రెండవ పుస్తకము. రాచ్‌డేలు ఉన్నిబట్టలు నేయువారి పట్టణము. 1840వ దశాబ్దియందు అచ్చటి నేతగాండ్రు కూలి పెంపునకై ప్రయత్నించి యోడిపోయిరి. పట్టణమున బస్తీ దుకాణదారులు అరువుపేరిట వారిని గట్టివేసి కల్తీపిండిని, తక్కువ తూకమును అంటగట్టుచుండిరి. ఇరువదియెనిమిదిమంది కూడి, వారమునకు రెండు మూడు పెన్నీలచొప్పున గూడబెట్టి, తలకొక పౌను మొత్తముచేసి, 28 పౌనుల పెట్టుబడితో 1844 డిశంబరు 21వ తేదీ సాయంకాలమున టోడ్‌లేను వీధిలో ఒక దుకాణము తెఱచిరి. అందున్నవి వెన్న, పంచదార, గోధుమపిండి, ఓట్లపిండి మొదలగు నాలుగైదు సరకులు మాత్రమే. మిల్లు కుఱ్ఱలు వీధిలో నిలిచి పరిహసించిరి. ఈ ఘట్టమును హోలియోకు నవ్వుచు నవ్వించుచు వ్రాసెను. పుస్తకమున మిక్కిలి రమ్యమైన భాగ మిదియే.

ఈ పుస్తకమునందు వీరుడు లేడు. ఇది కొందఱు చదువరులకు లోపముగా దోచవచ్చును. వీరునికి బదులు నియమములున్నవి: సరకు శుద్ధముగా నుండవలెను, తూకము సరిగా నుండవలెను, అరువు లేదు, రొక్కమే, లాభము కొన్నదానినిబట్టి పంచబడును, ఎంత పెట్టుబడి పెట్టినను మనుష్యున కొక్కటే వోటు. ఇవి కవిత్వము కావు. కాని ఆఁకలిగొన్నవాని నిరాశ ఇట్టి నియమములలోనికి బ్రవేశించినప్పుడే పదిమందికి నిలువనీడ యగునని హోలియోకు గ్రహించెను. 1849లో ఆ పట్టణపు పొదుపుబ్యాంకు మోసమువలన గూలిపోగా, ప్రజలు తమ సొమ్మును దాచుకొనుటకు ఈ నేతగాండ్ర దుకాణమునే యాశ్రయించిరి. 1857 నాటికి ఇరువదియెనిమిదిమంది 1,850మంది యైరి.

మఱియొక విశేషము మన గృహములకు ముఖ్యమైనది. ఈ సంఘమున వివాహితలగు స్త్రీలును సభ్యులైరి. భర్త శ్రద్ధ చూపనందున కొందఱును, భర్త తమ కూలిడబ్బును తాగుడునకు బోయకుండ గాపాడుకొనుటకై కొందఱును చేరిరని హోలియోకు చెప్పుచున్నాడు. భార్య దాచిన ధనముపై భార్యకు చట్టము హక్కీయని ఆ కాలమున ఒక దుకాణపు లెక్కపుస్తకము ఆ హక్కు నిచ్చెను. పాలిసీ యింటిలో మంటపాలైన బల్లకు ఇది యుత్తరము.

హోలియోకు పుస్తకమునకును దోషములు గలవు. ఆయన ఉపన్యాసకుడు, కొన్నిచోట్ల చరిత్రకారుడు కూర్చుండి ప్రచారకుడు లేచును. సంఘమునందు గలహములు నవ్వుటాలుగా దాటిపోవును. అంతకంటె ముఖ్యముగా, సంఘము సంఘమగుటచేతనే ధర్మము తప్పదని ఆయన మొదటి విశ్వాసము. కాలము దీనిని ఖండించెను. ఆ నేతగాండ్రే 1854లో మొదలిడిన బట్టల మిల్లులో పనివారికి లాభమున బాలు ఈయవలెనను నియమ ముండెను. పెట్టుబడి పెట్టిన క్రొత్తవారు సంఖ్యలో నెక్కువ కాగా, 1862లో ఆ పాలును గొట్టివేసిరి. తరువాతి ప్రతులలో హోలియోకు దీనికై దుఃఖించెను. సహాయము చేయుటకు బుట్టిన సంఘమును సహాయము మఱచిపోవచ్చును.

ఈ రెండు పుస్తకముల వివాదము మన తెలుగునేలమీద మరల నడచినది. నెల్లూరు జిల్లాయందలి దూబగుంట గ్రామమున అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాను ఎదిరించుటతో మొదలైన యుద్యమము 1992లో జిల్లా యంతటను వ్యాపించెను. 1993 అక్టోబరునుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. తాగుడునకు బోవుట మానిన సొమ్ము ఏమి కావలెనను ప్రశ్నకు నెల్లూరి స్త్రీలు దినమున కొక రూపాయి చొప్పున దాచి యుత్తరమిచ్చిరి. దానికి 'పొదుపు లక్ష్మి' యని పేరు. 1992లోనే నాబార్డు బ్యాంకు అయిదువందల సంఘములతో, ఇట్టివారికి బ్యాంకుల ఋణమిప్పించు ప్రయత్నమును బ్రారంభించెను. ఈ సంఘములకు నేడు మనవారందఱు వాడు పేరు 'స్వయం సహాయక సంఘము'. స్మైల్సు మాటయు హోలియోకు మాటయు ఒక్కపేరులో గలిసినవి. స్వయము అనియు సంఘము అనియు జెప్పుట వైరుధ్యము కాదని చదువురాని స్త్రీలు గ్రంథకర్తలకంటె ముందుగా గ్రహించిరి.

అయితే 1862నాటి గుణపాఠమును మనకు దప్పలేదు. లాభాపేక్షతో నడచిన కొన్ని ప్రైవేటు ఋణసంస్థలు ఈ సంఘముల రూపమును మాత్రము గైకొని, ఒకతె యప్పునకు తక్కినవారిని పూచీగా నిలిపి, వారిచేతనే వసూలు చేయించెను. ఒకతె వాయిదా తప్పినచో ఆమె యింటిముందు గూర్చున్నది పరాయివాడు కాడు, పొరుగింటి అక్కయే. ఆత్మహత్యల వార్తలు వెలువడగా, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లను అదుపుచేయవలసివచ్చెను. కాబట్టి పదిమంది గూడినంతమాత్రమున అది సహాయము కాదు. నష్టములో బాలుపంచుకొనునది సహాయము. నష్టమును పొరుగువానిపైకి నెట్టునది పూచీ. ఈ రెంటికిని భేదమెఱుగనివారు సంఘమును బొగడినను గష్టమును బొగడినట్లే యగును.

ఇంత విమర్శనమును మన యింటి గడపలోనికి దెచ్చి చూతము. ఒక వితంతువు ఆవకాయ పెట్టి అమ్మదలచినదనుకొందము. మామిడికాయలు, నువ్వులనూనె, ఆవపిండి, కారము, జాడీలు అన్నియు వేసవిలో నాలుగైదు వారములలో గొనవలెను. సొమ్ము తిరిగివచ్చుటకు ఏడాది పట్టును. ఆమెకు గావలసినది ధైర్యవచనము కాదు. ధైర్య మామెకు మనకంటె నెక్కువగానే యున్నది. కావలసినవి: ముందుగా జెల్లించిన రొక్కము, రెండు జాడీల యెరవు, కాయలు తరుగునపుడు బిడ్డను గనిపెట్టు మనిషి, లెక్క వ్రాయుట నేర్పువారు, ఉప్పెక్కువైనచో మొగమాటములేక చెప్పువారు. మనమేమి చేయుదుము? కష్టములే నిన్ను నిలబెట్టునమ్మా యని దీవించి, సీసా తీసికొని, డబ్బు వచ్చేనెల నిత్తుమందుము. రాచ్‌డేలు నేతగాండ్రు అరువును ద్వారముచెంతనే యాపివేయుటకు గారణము దీనిలో నున్నది. పేదవాని వ్యాపారమునకు గలవారి అరువు ఎలుకతిన్న గాదెవంటిది.

కష్టమును బొగడుటలోని గొప్ప యపాయ మిదియే. కష్టము మేలు చేయునని నమ్మినవాడు దానిని దీర్చుటకు ద్వరపడడు. ఓడినవానిలో దీక్ష చాలలేదని సులభముగా దీర్పు చెప్పును. ఓడినవాడును ఆ తీర్పునే నమ్మి, తన యోటమికి దనను దప్ప నెవ్వరిని నిందింపక, సిగ్గుచే తలుపు మూసికొనును. సహాయమడుగవలసిన దినముననే నోరు మూతపడును. స్మైల్సు పుస్తకము ఎందఱిని లేపినదో మనకు దెలియును. ఎందఱిచేత ఇట్లు తలుపు మూయించినదో లెక్కలేదు.

కావున స్మైల్సును జదువవద్దని మేము చెప్పము. చదువవలెను; పిల్లలచే జదివింపవలెను. కాని ప్రతి కథ చివరను ఒక ప్రశ్న వేయించవలెను: ఈ మనుష్యుడు పడిపోయిననాడు అన్నము పెట్టినదెవరు? ఆ పేరు పుటలో లేకున్న, కథ సగమే చెప్పబడినదని పిల్లలకు దెలుపవలెను. ఆ వెంటనే హోలియోకును వారి చేతికీయవలెను. ఇక పెద్దలమగు మనము చేయవలసినది చదువుటకంటె సులభము: పొరుగున నెవరైనను చిన్న వ్యాపారము మొదలిడినచో, ఉపమానమును మన యింటనే యుంచుకొని, రొక్కము చేతబట్టుకొని పోవలెను.